వలలు ఆరేసే చోటు

పోలమ్మక్కకు, నీ తోడికోడలు కాంతమ్మ నమస్కారం.

నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ అందరం కులాసా అని రాయాలి గానీ, పేటలో సగం మంది నాతో మాట్లాడటం లేదు. ఎందుకో నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. మిషను బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు ఇలా పనికొస్తున్నాయి.

ముందు మంచి కబురు చెబుతాను. కొత్త ప్లానులో మన వలలు ఆరేసుకునే చోటు మనకే వదిలారు. ఆ మాట వినకుండానే వెళ్లిపోయావు... ఇంకొన్నాళ్లు ఆగకూడదా అక్కా? ఆ కామెర్లకు అంత తొందరేమొచ్చింది?

నువ్వు లేకపోయాక పేటలో నీ కథ ఎలా మారిపోయిందో తెలుసా? నువ్వు మునిసిపాలిటీ ఆఫీసులో బల్ల గుద్ది అరిచావట. నేను వింటూ నవ్వుకుంటాను. నువ్వెక్కడ అరిచావు? చేపల మార్కెట్లో తప్ప నీ గొంతు ఎక్కడా లేచేది కాదు.

అసలు జరిగింది నీకూ నాకూ తెలుసు. పెన్న ఒడ్డున మన పేటకు రోడ్డు, కాలువ వేయడానికి ప్లాను గీస్తున్నారని, ఇంజనీరు గారు చూడటానికి వస్తున్నారని కౌన్సిలరు కబురు పంపాడు. పెద్దమనిషి వస్తుంటే వలలు కాళ్లకు అడ్డం పడితే ఏం బాగుంటుందని నువ్వే ముందుండి అంతా సర్దించావు. గుంజల మీది వలలన్నీ చుట్టి ఇళ్లలోకి నెట్టాం. వలలకు పట్టించే తుమ్మచెక్క ఉడకబెట్టే బానలు దొడ్లోకి పోయాయి. ఊడ్చి, కళ్లాపి చల్లి, నేలంతా ముగ్గులు పెట్టాం. ఆయన చూసి, ఇంత శుభ్రమైన పేట నెల్లూరులో లేదని మెచ్చుకుని పోయాడు. మనం ఎంత పొంగిపోయామో...

తరవాత తెలిసింది, ప్లానులో మన చోటు ఖాళీ జాగా అయిందని. అక్కడ షాపు గదులు కడతారట.

పెద్ద వల ఇంట్లో ఆరదు గదా. తడి వల చుట్టి పెడితే కుళ్లిపోతుంది. వల కుళ్లితే పేట మొత్తానికి ఏటి మీద పని లేదు. వాకాడు వైపు నుంచి కట్టుబట్టలతో వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న వాళ్లం, మళ్లీ ఎక్కడికి పోతాం?

పేటంతా కూడిన రోజు నువ్వు ఎవరి మీదా నెపం వెయ్యలేదు. "తప్పు నాదే. పని దాచిపెట్టి ముగ్గు చూపించినాను" అన్నావు. అందరి ముందూ అలా ఒప్పుకోవడం నాకైతే చేతకాదు. మగవాళ్లు కౌన్సిలరును కాళ్లావేళ్లా పడి బతిమాలుదామన్నారు. నువ్వు ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక నాతో అన్నావు, "కాళ్లు పట్టుకుంటే జాలి పడతారు మే. నాకు జాలొద్దు. గీత గీసే ముందు మనల్ని ఒక మాట అడగమను, చాలు."

ఆ ఒక్క మాట కోసం కౌన్సిలు మీటింగు జరిగినప్పుడల్లా చేపల తట్ట వరండాలో దించి, చేతులు కడుక్కుని, వెనక బెంచీ మీద కూర్చునేదానివి. అక్కడ బయటివాళ్లు మాట్లాడకూడదు. నువ్వు మాట్లాడలేదు. నీచు వాసనకు పక్కవాళ్లు జరిగితే, చోటు దొరికిందని ఇంకాస్త సర్దుకుని కూర్చునేదానివట. చివరికి చైర్మన్ గారికే విసుగొచ్చి, ఎందుకొస్తున్నావమ్మా అని అడిగారు. ఆయన అడిగారు కాబట్టి చెప్పావు. "మీరెట్ట పనిచేస్తారో చూసేదానికి వచ్చినానయ్యా. మీరు గూడా వచ్చి మేమెట్ట పనిచేస్తామో చూడండి. వచ్చే పొద్దు మాత్రం ముందుగా చెప్పబాకండి."

హాలంతా నవ్విందట. ఇంజనీరు గారు మాత్రం నవ్వలేదట.

చెప్పకుండానే వచ్చాడాయన. మిట్టమధ్యాహ్నం, తుమ్మచెక్క కషాయంలో ముంచిన వల పరుస్తున్నాం. నీకు అవతలి కొస పట్టేవాళ్లు లేరు. ఎవరో ఏమిటో చూడకుండా ఆయన చేతిలో పెట్టి, "లాక్కుంటా పో నాయనా" అన్నావు. ఆయన వెనక్కి నడిచాడు... నడిచాడు... వల ఇంకా ఉంది. తెల్ల చొక్కా నిండా ఎర్రటి మరకలు. చివరికి ఆగి చుట్టూ చూసుకుంటే, షాపు గదులు గీసిన చోటంతా వలే పరుచుకుని ఉంది. నువ్విచ్చిన మజ్జిగ తాగి, నీడలో కూర్చుని, ఏది ఎక్కడ ఆరేస్తారో, పడవ ఎటునుంచి మోస్తారో అన్నీ అడిగాడు. ఆ సాయంత్రం నీ ముఖం చూడాలి... నీ అంత మనిషిని నేను మళ్లీ చూడను అక్కా.

ఇక నా మీద కోపం సంగతి.

కొత్త ప్లాను ఖాయం చేసే ముందు పేట తరపున ఇద్దరిని పిలిచారు. మన పేట పెద్ద కాబట్టి పెద్దకాపు మామ వెళ్లాడు. చదవడం వచ్చని నన్నూ తీసుకెళ్లాడు. బల్ల మీద కాగితం పరిచి చూపించారు. మన చోటు మనకే ఉందనగానే మామ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. షాపు గదులు బస్సు రోడ్డు పక్కకు జరిపారు. అక్కడ ఖాళీ జాగా అని రాసి ఉంది.

ఖాళీ ఎక్కడుంది అక్కా? కుండలు చేసే సుబ్బక్క వాళ్లు పచ్చికుండలు ఆరబెట్టుకునేది అక్కడే గదా? ముసురు పట్టి అన్నీ లోపల పెట్టుకున్న రోజున ఎవరో వచ్చి చూసి పోయి ఉంటారు.

మామ నా చెయ్యి నొక్కాడు, నోరు తెరవొద్దని. నాకూ భయమే. అక్కడ వద్దంటే గదులు మళ్లీ మన మీదికే రావచ్చు. నువ్వైతే ఏం చేసేదానివి? ఎంత ఆలోచించినా నీ మాట వినిపించలేదు... అప్పుడు నేనే అడిగాను, కుండలు చేసేవాళ్లను అడిగారా అని.

ఇంజనీరు గారు కలం మూత పెట్టేశాడు. రెండు జాగాలూ మళ్లీ చూడాలన్నారు. ప్లాను ఆగిపోయింది.

నీ మరిది కూడా అన్నం దగ్గర పెదవి విప్పడం లేదు. చేతికొచ్చిన చోటును నా నోటితో నేనే పోగొట్టానా? ఒక్కోసారి అలాగే అనిపించి ఏడుపొస్తుంది.

నిన్న సుబ్బక్క వచ్చింది. గడప దగ్గరే నిలబడి, నిజంగా మమ్మల్ని కూడా అడుగుతారా అంది. నేను అడుగుతారని చెప్పాను.

సోమవారం మీటింగుకు ఆమెను వెంటబెట్టుకుని పోతున్నాను. మామ రానన్నాడు. రెండు చోట్లూ దక్కుతాయో, మనదే పోతుందో తెలియదు. కానీ ఆ గదిలో ఆమెను నోరు విప్పనివ్వకుండా మాత్రం ఇంటికి తీసుకురాను అక్కా.

నీ చెల్లెలు,
కాంతమ్మ