నారు కొన్నవాళ్ళ లిస్టు

ఏప్రిల్ 3, గురువారం

జెర్సీ సిటీ నుంచి రాఘవ గారి ఫోన్. ఏటా నా దగ్గర వంగ నారు కొని బాల్కనీలో పెంచుతారు. నెమ్మదైన మనిషి. ఇవాళ గొంతు వేరుగా ఉంది.

"పద్మ గారూ, మీ మొక్కల మెయిల్స్ కోసమని సెపరేట్‌గా ఒక అడ్రస్ పెట్టుకున్నాను. మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. దానికి హైదరాబాద్ ప్లాట్ల మెయిల్ వచ్చిందండీ."

నేనెవరికీ ఇవ్వలేదన్నాను. "మరెలా వచ్చింది?" అన్నారు. కనుక్కుని చెప్తానన్నాను.

ఏప్రిల్ 4

ఇంకో ఐదుగురు. అందరికీ అదే మెయిల్. ఒకావిడ నాకు పంపించింది. పైన లావు అక్షరాలు — "పద్మ గారి మొక్కల కస్టమర్లకు ప్రత్యేక అవకాశం."

నా పేరు. నా పేరు పెట్టి.

ఏప్రిల్ 5, శనివారం

మెయిల్స్ పంపే అకౌంట్ తెరిచి కూర్చున్నాను. ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో, ఏం చేశారో అందులో కనబడుతుందని ఇన్నేళ్ళూ తెలియదు. పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం లిస్టు మొత్తం డౌన్‌లోడ్ అయింది. పాస్‌వర్డ్ ముగ్గురికే తెలుసు — నాకు, మా ఆయన శ్రీనుకి, శ్రీను తమ్ముడు కిరణ్‌కి. ఆ అకౌంట్ నాకు తెరిచి ఇచ్చిందే కిరణ్.

ఆ ఆదివారం మా ఇంట్లోనే భోంచేశాడు. బీరకాయ పచ్చడి మళ్ళీ అడిగి వేసుకున్నాడు. ఆఫీసు అయ్యాక ప్లాట్లు అమ్మేవాళ్ళతో తిరుగుతున్నాడని తెలుసు. నేను వంటగదిలో గిన్నెలు సర్దుతుంటే సోఫాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని... అప్పుడే.

ఫోన్ చేశాను. వాడు దాచలేదు, అది మాత్రం నిజం.

"లిస్టే కదా వదినా. అందరూ మన తెలుగువాళ్ళే. వాళ్ళకి యూజ్ అయ్యేదే పంపాను."

"నన్ను అడిగావా?"

"అడిగితే వద్దంటావని..."

అక్కడ ఆగిపోయాడు. ఏమన్నాడో తనకే వినబడినట్టుంది.

ఏప్రిల్ 6

లిస్టే కదా.

ఆరేళ్ళు. గుడి పార్కింగ్ లాట్‌లో మడత బల్ల, దాని మీద నోట్‌బుక్, దారంతో కట్టిన పెన్ను. ఇష్టమైతేనే రాయమనేదాన్ని. ఇంటికొచ్చి ఒక్కొక్కటే టైప్ చేయడం. అది ఒకటి అంకో, ఎల్ అక్షరమో తెలియక ఫోన్ చేసి అడిగిన రోజులున్నాయి. ఎక్కించగానే అయిపోలేదు. "మీరే రాశారా? పంపమంటారా?" అని ఒక మెయిల్. అవునని నొక్కితేనే చేర్చడం.

కిరణ్ నవ్వేవాడు. "ఇలా అయితే ఎప్పటికి పెరుగుతుంది వదినా? లిస్టులు కొనుక్కోవచ్చు తెలుసా?" కొనలేదు. ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో మెయిల్స్. మంచు భయం ఎప్పుడు పోతుంది, దొండ తీగని దేని మీదికి ఎక్కించాలి, కరివేపాకు కుండీని చలికాలం ఏ కిటికీ దగ్గర పెట్టాలి. అమ్మకం సంగతి చివర రెండు లైన్లు. తిరిగి రాసేవాళ్ళు. ఫోటోలు పంపేవాళ్ళు. తమ ఇంటి సొరకాయ పక్కన పిల్లని నిలబెట్టి తీసిన ఫోటోలు.

అది లిస్టే కదా.

ఏప్రిల్ 8

సాహితి ఫోన్. అన్నపూర్ణ గారి అమ్మాయి, ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగింది. అన్నపూర్ణ గారు పోయి ఆరు నెలలు. అప్పట్లోనే ఈ పిల్ల నాకు రాసింది, అమ్మ పేరు తీసేయండి ఆంటీ అని.

"ఆంటీ, అమ్మకి మెయిల్ ఒచ్చింది. డియర్ అన్నపూర్ణ, మీ డ్రీమ్ హోమ్ కట్టుకోండి అని. నాన్న చూసారు. నేను మీకు చెప్పాను కదా. మీరు ఓకే అన్నారు."

అన్నాను. తీసేశాను కూడా. తీసేశాననుకున్నాను.

ఇప్పుడు చూస్తే, మెయిల్స్ ఆగాయి. పేరు ఆగలేదు. వద్దన్నవాళ్ళందరి పేర్లూ ఇంకో వరుసలో అలాగే ఉన్నాయి. కిరణ్ అవి కూడా కలిపి దించుకున్నాడు.

"సారీ తల్లీ" అన్నాను. "ఓకే ఆంటీ" అంది. ఓకే కాదు. పెట్టేసింది.

అంతా కిరణ్ మీదికి నెట్టేస్తే హాయిగా ఉండేది. ఇది మాత్రం నాది. ఒక్కసారి కూడా చూసుకోలేదు.

వద్దన్నవాళ్ళ పేర్లన్నీ ఇవాళ శాశ్వతంగా తీసేశాను. ఒక్కోదానికీ అడుగుతుంది — కచ్చితంగానా, తిరిగి రాదు. అన్నపూర్ణ గారి దగ్గర చాలాసేపు నొక్కలేకపోయాను. నొక్కాను.

పని అయ్యాక తట్టింది, వాళ్ళందరికీ క్షమాపణ చెప్పే దారి కూడా పోయిందని.

ఏప్రిల్ 9

పాస్‌వర్డ్ మార్చాను. శ్రీనుకి చెప్పలేదు. అతను అడగలేదు కూడా. అడిగి ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

ఏప్రిల్ 11

కిరణ్ మెసేజ్. ఫైల్ డిలీట్ చేశాడట, ప్రామిస్ అట. ఆ ప్లాట్ల వాళ్ళ దగ్గర కాపీ ఉందా అని అడిగాను.

"ఉండదనుకుంటా వదినా."

అనుకుంటా.

ఏప్రిల్ 12

అందరికీ మెయిల్ రాయాలి. రాయడం, చెరపడం. కింద బేస్‌మెంట్‌లో లైట్ల కింద గోంగూర నాలుగాకులు వేసింది, బీర గింజలు మొలిచాయి. నీళ్ళు పోసి వచ్చి మళ్ళీ రాస్తాను.

శ్రీను వెనక నిలబడి చదివాడు. "టెక్నికల్ ప్రాబ్లమ్ అని రాసెయ్ పద్మా. ఇంటి విషయం ఎందుకు? రేపు ఏ పార్టీకెళ్ళినా ముఖాలు చూసుకోవాలి."

"నా ముఖం?"

"నీకేం? నువ్వేం చేయలేదుగా."

చేయలేదు కనకే. వాడు చేసినదానికి అబద్ధం నేనెందుకు ఆడాలి?

ఏప్రిల్ 13, ఆదివారం

పంపేశాను. పేరు రాయలేదు. అంతవరకు శ్రీను మాట విన్నాను, దానికీ ఇప్పుడు కోపంగానే ఉంది.

"మా ఇంటి మనిషి ఒకరు నాకు తెలియకుండా మీ పేర్లు, అడ్రసులు తీసి ఒక వ్యాపారానికి వాడారు. పాస్‌వర్డ్ జాగ్రత్తగా ఉంచుకోకపోవడం నా తప్పు. వద్దన్నవాళ్ళ వివరాలు దాచి ఉంచడం కూడా నా తప్పే. మీ పేరు తీసేయమంటే ఒక్క మాట రాయండి. ఈసారి పూర్తిగా తీసేస్తాను."

ఏప్రిల్ 15

డెబ్బై మందికి పైగా వెళ్ళిపోయారు. రాఘవ గారిది ఒకే మాట — "తీసేయండి." ముందు పద్మ గారూ లేదు, చివర నమస్తే లేదు.

కొందరు మంచిగా రాశారు. ఒకావిడ, దాచకుండా చెప్పారు, అది చాలు అంది. చదివి కాస్త ఏడ్చాను.

ఆ కిందనే ఒక పెద్దాయన: "అమ్మా, ఆ ప్లాట్ల మెయిల్ పొరపాటున డిలీట్ చేశాను. మళ్ళీ పంపగలరా?"

ల్యాప్‌టాప్ మూసేశాను.

మే 17, శనివారం

డ్రైవ్‌వేలో అమ్మకం. మడత బల్లలు, ట్రేలు, ఎండ. వచ్చినవాళ్ళు పోయిన ఏడాదిలో సగం ఉంటారేమో.

పది గంటలకి కిరణ్ వచ్చాడు. ఏటా వస్తాడు, బరువులు మోస్తాడు. నేను పిలవలేదు. శ్రీను పిలిచాడట. ఏమీ జరగనట్టు గరాజ్‌లోకి వెళ్ళి గోంగూర ట్రే ఎత్తుకొచ్చాడు.

టోపీ పెట్టుకున్న ఒకావిడ, మొదటి ఏడాది నుంచీ వచ్చే మనిషి, బల్ల ముందు నిలబడి ఉంది. "మీ మెయిల్ చదివానండీ. ఇంతకీ ఎవరు చేశారా పని? ఇంటి మనిషన్నారు."

కిరణ్ ఆవిడ పక్కనే. చేతుల్లో ట్రే. నా వంక చూశాడు.

"పద్మా, సంచులెక్కడ పెట్టావ్?" శ్రీను, గరాజ్ లోంచి. సంచులు అతని కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

"ఈయన్నే అడగండి" అన్నాను. గొంతు పెంచలేదు.

ఆవిడ తిరిగింది. కిరణ్ మొహం ఎర్రబడింది. "నేనేనండీ" అన్నాడు.

ట్రే అతని చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. దాన్ని వదిలేసి, నా ముందున్న ట్రేలోంచి నాలుగు మొక్కలు ఏరుకుంది.

కిరణ్ కార్ తీసుకుని వెళ్ళిపోయాడు. మిగతా ట్రేలు నేనే మోశాను.

మే 18

"పదిమంది ముందు వాడి పరువు తీశావ్." పొద్దున శ్రీను అన్నది ఇదొక్కటే. తర్వాత మాటల్లేవు.

వాడు నా పేరు పెట్టి వందలమందికి పంపినప్పుడు ఇతనికి పరువు గుర్తు రాలేదు.

మే 20, మంగళవారం

మధ్యాహ్నం కిరణ్ మెసేజ్.

"వదినా, తప్పు నాది. నువ్వు కాదు, నేనే అందరికీ సారీ చెప్తాను. మెయిల్ రాసుకున్నాను, బాగానే వచ్చింది. లిస్ట్ ఒకసారి పంపు. పంపేసి డిలీట్ చేసేస్తా."

మూడుసార్లు చదివాను. ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

శ్రీను నా భుజం మీద నుంచి చూశాడు. "చూశావా, వాడే దిగొచ్చాడు. ఇంకేం కావాలి నీకు?" రెండు రోజుల తర్వాత మొదటి మాట.

ఏం కావాలో చెప్పడానికి నోరు తెరిచాను. చెప్తే అర్థమవుతుందా — ఇతనికి, వాడికి...

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను. మళ్ళీ మోగింది. తిప్పి చూశాను.

"వదినా?"