డొల్ల సప్పుడు

బాపూ,

ఇయ్యాల నీ సంవత్సరీకం. మెక్సికోల ఓ పాత ఊరు తిరిగి నిన్ననే మన ఊరు ఖనికి వచ్చిన. స్పెయినోళ్లు వెండి తవ్వుకుంట కట్టిన ఊరది. మీద రంగురంగుల ఇండ్లు, చర్చి. కింద అంత సొరంగాలే. టూరిస్టులతోని పాత గనిల దిగిన. బొగ్గుబాయిల నువ్వు డ్యూటీ ఎక్కంగనే చేసేటట్టు, పైకప్పును గొడుగుతోని కొట్టి చెవి పెట్టిన. గట్టి బండయితే ఖంగుమనాలె. ఊడిపడే బండ లెక్క డొల్లగ మోగింది.

గైడు నవ్విండు. "మీద చర్చి ఎన్ని తరాల సంది నిలవడ్డదో ఎరుకేనా?" అన్నడు.

మీదికొచ్చి సూస్తే చర్చిల పెండ్లి అయితుంది. వాకిట్ల పిల్లలు ఎగురుతున్నరు.

గసుంటి సప్పుడు ఇన్ననాడే నువ్వు "బయటికి నడువుండ్రి" అని అందర్ని పంపినవ్. నువ్వే రాలే.

ఆ పెండ్లోళ్ల భాషల గా ఒక్క మాట నాకు రాలేదు, బాపూ.