అంతయ్య బొందకాడ చదివిన ప్రార్థన

ఫాదర్ గారికి స్తోత్రం.

మీకన్న ముందు కోరుట్లకు అచ్చిన ఫాదర్లందరు నన్ను గుడి ఊడ్చెటోడనే పిలిచిండ్రు. అది ఏండ్ల సంది నా కడుపుల ఉన్నది. మీరచ్చినంక, పోయిన ఈస్టరుకు నన్ను ఏడాదికి ఉపదేశిని చేసిండ్రు. మీరు లేనప్పుడు ప్రార్థన నడిపియ్యుమన్నరు, నడిపిన.

తెలంగాణ సమ్మెల బస్సులు బందై మీరు హైదరాబాదుల చిక్కిండ్రు. గప్పుడే సిరిసిల్లల బట్టలు నేసే సాంచలు నడిపే మన అంతయ్య చచ్చిపోయిండు. శవం ఇంటికచ్చినంక రెండో దినందాక ఆగేటట్టు లేకుండె. నేనే ముందు నడిచిన. రాస్తారోకోల పోరగాండ్లు ఆపి, "తాతా, అంతయ్యతోని గూడ జై తెలంగాణ అనిపియ్యి" అన్నరు. "బతికినన్ని దినాలు అన్నడు, ఇగ జరుగుండ్రి" అన్న. జరుగుడు కాదు, చెప్పులిడిసి బొందదాక వాళ్లే మోసిండ్రు. నేను ప్రార్థన చదివి, తీర్థం చల్లి, మట్టి పోయించిన.

మీరు అచ్చినంక బొందకాడికి పోయి అదే ప్రార్థన మళ్ల మొదటి నుంచి చదివిండ్రు. నన్ను ఒక్క మాట అడగలే. మీరు ప్రేమకొద్ది చదివిండ్రేమో. కని ఆయన పెండ్లాం మరియవ్వ అప్పటిసంది నా ఇంటికచ్చి, "మామా, ఫాదర్ అచ్చేదాక నా మొగడు ఏడున్నట్టు?" అని అడుగుతున్నది. అన్నం సక్కగ తింటలేదు. నేను చెప్తే నమ్ముతలేదు.

నేను చదివింది చెల్లిందా, లేదా? చెల్లితే అచ్చే ఆదివారం పూజల ఆమె ఇనంగ చెప్పుండ్రి. చెల్లకపోతే అదీ గాడనే చెప్పుండ్రి. నేను ముందటి వరుసలనే కూసుంట.