శామ్యూల్ తాత కోసం ప్రార్థన

ప్రత్తిపాడు,
9 మార్చి 2025.

జయకుమారికి,

రెబ్కా వందనాలు. దేవుని దయవల్ల నేనూ నా దగ్గూ బాగానే ఉన్నాం. దర్శిలో నువ్వూ, మీ అక్కా, ఆవిడ పిల్లలూ చల్లగా ఉండాలని రోజూ అడుగుతున్నాను. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు గనక ఉత్తరం రాస్తున్నాను. చించితే చించు, ముందు చదువు.

మిరపకాయల షెడ్డులో ఈసారి పని బాగా ఉంది. తొడిమలు తీయడానికి ఒంగోలు వైపు నుంచి కూడా మనుషులు వచ్చారు. నీ పీట మీద మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎన్నాళ్లు కాస్తావమ్మా ఆ పీటని అని సుభానీ మేస్త్రీ అడిగాడు. మా జయ వచ్చేదాకా అన్నాను.

మన జాంబీల సీరియల్ ఆఖరి భాగం వచ్చి ఇరవై రోజులైంది. నేను చూడలేదు. ఫోను బస్తాకి ఆనించి, వైరు చెరొక చెవిలో పెట్టుకుని ఏడేళ్లు ఇద్దరం చూసినదాన్ని ఇప్పుడు ఒక్కదాన్నే ఎలా చూడను? షెడ్డులో ఎవరైనా కథ చెప్పబోతే కారం చేతులతోనే చెవులు మూసుకుంటున్నాను.

ఇక చర్చిలో జరిగిన సంగతి. స్త్రీల కూడికలో ప్రార్థన మనవుల డబ్బాలో చీటీ వేసింది నేనే. శామ్యూల్ గారికి ప్రాణాపాయం తప్పాలి అని రాశాను. సీరియల్లో శామ్యూల్ తాతని జాంబీ కాలి మీద కరిచిన వారం అది. మన బైబిల్ పేరే కదా, పాస్టరమ్మకి అనుమానం రాలేదు. మూడు ఆదివారాలు సంఘమంతా మోకాళ్లూని ఆయన కోసం ఏడ్చింది. క్రిస్టీనా అక్కయితే బత్తాయిలు పట్టుకుని గుంటూరులో ఆసుపత్రి వార్డులన్నీ తిరిగింది.

చివరికి సంఘ పెద్ద జోసఫ్ గారు లేచి, ఇంతకీ ఎవరండీ ఈ శామ్యూల్ అని అడిగితే నేను తల దించుకున్నాను. నా మొహం చూసి నీకు అర్థమైపోయింది. నీకు నోరాగదు కదా, ఆయన మా సీరియల్లో తాతండీ అనేశావు. చీటీ నీదే అనుకుని అందరూ నిన్ను చూసి నవ్వారు, పెద్దలు నిన్నే కోప్పడ్డారు. నాదని నేను లేచి చెప్పాల్సింది. చెప్పలేదు. బయటికొచ్చాక, ఇదేం పిచ్చే నీకు, నన్ను నవ్వులపాలు చేశావు అన్నావు. మర్నాడే దర్శి బస్సెక్కావు.

ఈ రోజు ఆరాధనలో లేచి నిలబడి, చీటీ నాదేనని చెప్పాను. క్రిస్టీనా అక్క నన్ను క్షమించింది, బత్తాయిల సంగతి మాత్రం ఇంకా మర్చిపోలేదు. నువ్వు కూడా క్షమించు జయా.

ఇంకో మాట. నీ రొమ్ములో గడ్డకి ముక్క తీసి పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చెప్పి రెండు నెలలు దాటింది. ఎవరికీ చెప్పనని నా చేత బైబిల్ మీద చెయ్యి వేయించావు, నేను చెప్పలేదు. పరీక్షకి నువ్వూ వెళ్లలేదు. సీరియల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు కాటుని చొక్కా చేతి కింద దాచుకునేవాళ్లు. వాళ్లని నువ్వు తిట్టని తిట్టు లేదు. ముందే చెప్పి ఏడవొచ్చు గదే, దాస్తే ఊరుకుంటదా అది అనేదానివి. తాత కరిచిన గంటలోనే చెప్పాడు, కాలు తీసేశారు, బతికాడు. నాకు చాలా భయంగా ఉంది జయా. నువ్వు లేని షెడ్డులో నేను కూర్చోలేను.

రేపు కాక వచ్చే సోమవారం, పదిహేడో తారీఖుకి, గుంటూరు ఆసుపత్రిలో నీ పేరు రాయించాను. ఉదయం గుంటూరు బస్టాండులో దర్శి బస్సు ఆగేచోట నిలబడతాను. ఫోను నిండా ఛార్జింగ్ పెట్టి తెస్తాను. ఆసుపత్రి వరుసలో కూర్చుని ఆఖరి భాగం చూద్దాం. ఆ బస్సులో నువ్వు దిగకపోతే తర్వాత బస్సు దాకా, అందులోనూ దిగకపోతే ఆ తర్వాత బస్సు దాకా ఉంటాను.

నీ పీటకి కాపలా ఉన్న
రెబ్కా

తా.క.: నాకంత పిచ్చేమీ లేదు జయా. తాత నిజం మనిషి కాదని నాకూ తెలుసు. గడ్డ సంగతి నువ్వు చెప్పాక నేనొక్కదాన్నే ప్రార్థన చేస్తే సరిపోదనిపించింది. సంఘమంతా నీ కోసం అడగాలనిపించింది. నీ పేరు రాయడానికి లేదు, మాటిచ్చాను. అందుకని తాత పేరు రాశాను. ఈ రోజు కూడా ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు. ఎవరో పాపం అనుకుని నువ్వు కూడా ఆ మూడు ఆదివారాలూ నా పక్కనే మోకాళ్లూని, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నావు.