గంటల లోయకు కంచె

క్రాడక్ రేవు గ్రామం,
ఇండియానా రాష్ట్రం,
1822 ఆగస్టు 28.

జిల్లా కమిషనర్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఈ సంవత్సరపు రోడ్డు పని దినములను వినియోగించి, మా గ్రామం పక్కనున్న గంటల లోయ చుట్టూ కర్రల కంచె వేయించుట గురించి.

పై గ్రామ నివాసి, పదిహేడేళ్ల వయసు గల పెర్మీలియా హాస్కెట్ అను నేను విన్నవించుకొనునది. అర్జీ రాసే ఈ పద్ధతి మా బడి మాష్టారు ఆరిన్ పెల్ గారు నేర్పినది. తప్పులుంటే అవి నావి. ఆయన ఇక దిద్దలేరు.

1. గ్రామ పూర్వచరిత్ర. రాష్ట్రం ఏర్పడిన సంవత్సరమే, అనగా ఆరేళ్ల క్రితం, మా పదహారు కుటుంబాలు కెంటకీ నుంచి నది దాటి వచ్చి స్థిరపడినవి. మాకు ముందు ఇక్కడ డెలవేర్ తెగ ఆదివాసులు ఉండేవారు. ఏటి పొడవునా వారి మొక్కజొన్న మడులు ఉండేవి గానీ, ఈ లోయలో ఒక్క గుడిసె ఆనవాలు కూడా లేదు. ఇంత చల్లని చోటు మనకోసమే మిగిలిందని మా పెద్దలు మురిసిపోయారు. ఎందుకు వదిలేశారని అడుగుదామంటే, ఒప్పందం మీద గుర్తు వేయించుకుని వారిని మనమే పడమటికి పంపేశాం.

2. పశువుల సంగతి. ఇక్కడ కంచె పంటకే గానీ పశువుకు కాదు. ఆవు మెడలో గంట కట్టి అడవికి వదిలేస్తాం. ఒక్కో ఇంటి గంటది ఒక్కో గొంతు. వానలు పడిన ఏడాది ఆవులు లోయ బయటే మేస్తాయి. ఎండిన ఏడాది లోయలో తప్ప ఎక్కడా పచ్చన ఉండదు. ఈ ఏడు జూలై నుంచి చినుకు లేదు.

3. జబ్బు. ముందు కాళ్లు వణుకుతాయి. తర్వాత వాంతులు, తీరని దాహం, ఊపిరిలో మగ్గిన పండు వాసన. వెనకటి కరువు సంవత్సరం నలుగురు పోయారు. ఈసారి ఈ ఒక్క నెలలోనే ఐదుగురు. పాలిచ్చే ఆవు నిక్షేపంగా నిలబడి ఉంటుంది. దాని దూడ వణికి కూలిపోతుంది. దూడ వంక ఎవరూ చూడరు.

4. మాష్టారు. ఆయన వారానికో ఇంట్లో ఉండి, అక్కడే తిని, మాకు చదువు చెప్పేవారు. రోజుకో కొత్త మాట పలక మీద రాసి, దానితో ఒక వాక్యం చెప్పేవారు. నేను రాత్రంతా ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ పడుకునేదాన్ని. ఈ నెల రెండో వారం మా ఇంటి వంతు. "ఇంకో కప్పు పొయ్యవే అమ్మాయ్! మీ నాన్నకి మాటలు కరువుగానీ మీ ఆవుకి పాలు దండి" అన్నారు. నాలుగో రోజు సుద్దముక్క వేళ్లలో నిలవలేదు. ఆనాటి మాట 'తక్షణం'. "వాక్యం రేపు చెబుతాలే" అన్నారు. మర్నాడు ఆయనకు మాట రాలేదు. ఆ రాత్రికే పోయారు.

ఆ పాలు పితికింది నేను. పోసింది నేను.

5. విచారణ. తదుపరి పదకొండు రోజులు లోయ గట్టున పలక పట్టుకుని కూర్చుని, లోపల ఏ ఇంటి గంట మోగుతున్నదో నమోదు చేసితిని. మొత్తం ఏడు ఇళ్ల గంటలు. ఐదు చావులూ ఆ ఏడు ఇళ్లలోనే. మిగతా తొమ్మిది ఇళ్లలో ఒక్కరికీ తలనొప్పి కూడా లేదు. అక్కడ ఆవులు తినేది ఏ మొక్కో నాకు తెలియదు. మా గంట లోపలే మోగుతోంది. పాలు మానమని అమ్మ కాళ్లు పట్టుకున్నాను. "పసిపిల్లకి పాలు మానిపిస్తే ఏం పెట్టి పెంచనే, నీ పలకా?" అంది. నా చెల్లెలు లవీసాకు ఐదేళ్లు. నిన్నటి నుంచి గడప దాటలేకపోతోంది.

6. అభ్యంతరం. ఇక్కడ స్థలాలు అమ్మేది క్రాడక్ గారు. తపాలా ఆఫీసూ ఆయన ఇంట్లోనే. సంతకం కోసం వెళితే, "జబ్బా? మన ఊళ్లోనా? ఎవరన్నారమ్మా? అది ఏరు అవతల!" అన్నారు. ఏరు దాటి అడిగితే, "అదా, మీ ఊరి జబ్బే కదా" అన్నారు అక్కడివాళ్లు. ఈ లెక్కన జబ్బు ఏటి మధ్యలో కాపురముండవలెను. మళ్లీ క్రాడక్ గారి దగ్గరికే వెళ్లాను. ఈసారి ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించారు. "పాలు విషమని రాసి పంపావనుకో, రేపు బండి కట్టుకుని ఇటు వచ్చేదెవడు? చదువుకున్న పిల్లవి, ఊరిని చంపుతావా?"

వచ్చే నెల కొత్త కుటుంబాలతో పదకొండు బళ్లు వస్తున్నవి. వారికి అమ్మిన స్థలాలన్నీ లోయ అంచునే.

ప్రార్థన: చట్టప్రకారం ప్రతి మగవాడూ ఏటా కొన్ని దినములు రోడ్డు పని చేయవలెను. ఈ ఏడాది ఆ దినములను కంచెకు మళ్లించవలసినదిగా కోరుచున్నాను. రోడ్డు ఆగితే బళ్లు కుదుపుతాయి, అంతే. పై సంగతులు చిత్తగించి, ఆ పదకొండు బళ్లు ఏరు దాటకముందే ఉత్తరువు దయచేయించవలెను.

తమ విధేయురాలు,
పెర్మీలియా హాస్కెట్

సాక్షి: మా బాబాయి బర్నబస్ హాస్కెట్ (గుర్తు X). ఆయన నమ్మి వేయలేదు, నా పోరు పడలేక వేశారు. ఈ అర్జీ గుర్రం మీద తెస్తున్నదీ ఆయనే.

తా.క. ఇది జీను మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు మన్నించాలి. బాబాయి బయల్దేరబోతుంటే అమ్మ ఆయన సంచిలో తడిగుడ్డ చుట్టిన వెన్న డబ్బా పెట్టింది. "పెద్దమనిషి ఇంటికి వట్టి చేతులతో పోతారా?" అంది. "అమ్మా, ఈ అర్జీ దేని గురించో తెలుసా?" అన్నాను. "పాల గురించి కదే. ఇది వెన్న" అంది. లాక్కోబోతే చేతి మీద ఒక్కటి వేసింది. బాబాయి నవ్వారు. "వెన్న ముందు వెళితేనే కాగితం వెనకాల జారుతుందే, పిచ్చిదానా."

ఆయన అన్నంత పనీ చేస్తారు. ముందు డబ్బా లోపలికి పంపి, తర్వాతే కాగితం తమ చేతికిస్తారు. తమరు ఈ వాక్యానికి వచ్చేసరికి అది వంటింటికి చేరి ఉంటుంది. తమ ఇంట్లో చిన్నపిల్లలున్నారని విన్నాను.

అయ్యా, ఈ కాగితం అక్కడే పడేసి లేవండి. తక్షణం.