తొలి చుట్టు మూటలకు

కళ్యాణదుర్గం,
జూలై 9

ఆకాశవనం పార్కు మేనేజరు గారికి,

ఫిట్టరు నరసింహప్ప నమస్కారాలు. మీకు నేను తెలియదు. నేనూ మీ పార్కు చూడలేదు. మా వీధి గిరి బెంగళూరికి వచ్చినప్పుడు మీ జెయింట్ వీల్ ఎక్కి, పైనుంచి ఫోన్లో వీడియో తీసుకొచ్చినాడు. దాంట్లో సగం వాని మొహమే. అయినా చక్రం చప్పుడు వినబడుతుంది. పదకొండుసార్లు పెట్టించుకుని విన్నాను. చుట్టుకు ఒకసారి ‘టక్’ అంటాంది. అది ఎక్కడిదో మీవాళ్ళకు తెలుసా?

ముప్పై ఒక్క ఏండ్లు నేను జాతర్లలో జెయింట్ వీల్ నిలబెట్టి, తిప్పి, విప్పినాను. చదువు ఐదో తరగతి. మిగతాది ఇనుమును చూసి నేర్చుకున్నాను. పొద్దున మనుషుల్ని ఎక్కించే ముందు మీరు మూటలు ఎక్కిస్తారా? మేము తొట్టికి రెండు శెనక్కాయ మూటలు పెట్టి తొలి చుట్టు తిప్పేవాళ్ళం. మూటలు క్షేమంగా దిగితేనే మనుషులు. మీ దగ్గర ఏం పద్ధతో, బోల్టులు చూసే మనిషి ఎవరో రాయండి.

నా భార్య తిప్పమ్మను మీ చక్రం ఎక్కించాలని ఉంది. ఆమె ఎక్కే ముందు నా ఇరవైనాలుగో నంబరు స్పానరుతో బోల్టులన్నీ ఒకసారి నేనే చూసుకుంటాను. గంట పని. మీ పనికి అడ్డం రాను.

ఇనుమును నమ్మి బతికిన
నరసింహప్ప

తా.క.: గిరి మూడో చుట్టులో లేచి నిలబడినాడు. మీవాళ్ళు ఒక్కరూ అరవలేదు. మా చక్రంలో అయితే తిప్పమ్మ టిక్కెట్ల బల్ల దగ్గరినుంచే అరిచేది. ఆ అరుపుకు పక్క మిఠాయి అంగడాయన కూడా కూర్చునేవాడు.


ఆకాశవనం పార్కు, అతిథి సేవల విభాగం,
జూలై 18

గౌరవనీయ అతిథి నరసింహప్ప గారికి,

ఆకాశవనం నుంచి చిరునవ్వులతో. మా పార్కును సందర్శించినందుకు ధన్యవాదాలు. మీ ఫిర్యాదు నమోదైంది. మా జెయింట్ వీల్ దగ్గర మీ సతీమణి తిప్పమ్మ గారు అరవవలసి వచ్చినందుకు చింతిస్తున్నాము. ఆమె గొంతుకు ఇబ్బంది కలిగి ఉంటే మా ప్రథమ చికిత్స కేంద్రంలో ఉచితంగా చూపించుకోవచ్చు.

మూటల విషయం. బయటి తినుబండారాలను లోపలికి అనుమతించము. మా చక్రానికి నలభై రెండు తొట్లున్నాయి. తొట్టికి రెండు చొప్పున ఎనభై నాలుగు మూటల శెనక్కాయలు ఇద్దరు అతిథులకు ఎక్కువేనని మా క్యాంటీను విభాగం కూడా అభిప్రాయపడింది.

స్పానరును గేటు దగ్గర భద్రపరచి, వెళ్ళేటప్పుడు తిరిగి ఇస్తాము.

మీ సంతోషం కోసం పనిచేసే
కృపాకుమారి

తా.క.: ఉడకబెట్టిన శెనక్కాయలు మా క్యాంటీనులోనే దొరుకుతాయి.


కళ్యాణదుర్గం,
జూలై 25

కృపాకుమారి మేడమ్ గారికి,

నరసింహప్ప నమస్కారాలు. నాది ఫిర్యాదు కాదు. మేము ఇంకా మీ పార్కుకు రాలేదు. తిప్పమ్మ గొంతు బాగుంది, ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా వినబడుతోంది.

మూటలు తినడానికి కాదు. బరువుకు. చక్రానికి మనిషైనా మూటైనా ఒకటే. ఎదురెదురు తొట్లలో బరువు సరితూగాలి, అంతే. ఒక పక్క నలుగురు పెద్దోళ్ళు, ఎదురుగా ఒక్క పిల్లోడు కూర్చుంటే చక్రం మూలుగుతుంది. ఆ మూలుగు చెవితో పట్టుకోవాలి. మేము మనిషిని చూడగానే బరువు అంచనా వేసి ఏ తొట్టిలో ఎక్కించాలో చెప్పేవాళ్ళం. ఒకసారి పెండ్లి గుంపు వస్తే పెండ్లికూతుర్ని, పెండ్లికొడుకుని ఎదురెదురు తొట్లలో కూర్చోబెట్టినాను. వాళ్ళ మామ కొట్టడానికి వచ్చినాడు. బరువులు మాత్రం సరిగ్గా సరిపోయినాయి.

ఏ రోజు ఏ జాతర, గాలి ఎట్లుంది, ఏ బోల్టు మార్చినాం, ఇదంతా రోజూ పుస్తకంలో రాసేవాణ్ణి. ముప్పై ఒక్క పుస్తకాలున్నాయి. మీ దగ్గర అట్లాంటి పుస్తకం ఎవరు రాస్తారు? వచ్చినప్పుడు ఒకసారి చూడనిస్తే చాలు. మళ్ళీ చెప్తున్నాను, ఇది ఫిర్యాదు కాదు.

జవాబు కోసం చూస్తూ
నరసింహప్ప

తా.క.: మీ క్యాంటీను కాయల్లో ఉప్పు ఎక్కువని గిరి చెప్పినాడు. ఇది కూడా ఫిర్యాదు కాదు.


ఆకాశవనం పార్కు,
ఆగస్టు 3

మహారాజశ్రీ తనిఖీ అధికారి నరసింహప్ప గారి సముఖానికి,

తమరెవరో ముందే గ్రహించలేకపోయినందుకు క్షమించగలరు. ఫిర్యాదు కాదు, ఫిర్యాదు కాదు అంటూనే రికార్డు పుస్తకాలు అడిగేవాళ్ళు తనిఖీకి వచ్చేవాళ్ళేనని మా మేనేజరు గారు గుర్తించారు. తమ రాక సందర్భంగా చక్రానికి కొత్త రంగు వేయించాము. క్యాంటీనులో ఉప్పు తగ్గించాము. గేటు దగ్గర పూలగుచ్ఛం, ఏసీ గది సిద్ధంగా ఉంటాయి. తిప్పమ్మ మేడమ్ గారి హోదా తెలియజేస్తే తగిన కుర్చీ వేయిస్తాము.

తమ ఆజ్ఞకు ఎదురుచూస్తూ
కృపాకుమారి, మేనేజరు గారి తరఫున

తా.క.: సార్, ఇది ఆఫీసు మాట కాదు, నేను సొంతంగా రాస్తాండా. మీరు నిజంగా అధికారి అయితే ఈ ముక్క చింపేయండి. మాది గుత్తి. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మా ఊరికి ఒక చక్రం వచ్చింది. ఆకుపచ్చ తొట్టిలో మా నాయన పక్కన కూర్చుని కోటను చూసినా. టిక్కెట్లిచ్చే ఆమె ‘ఏయ్ పాపా, కూచో!’ అని అరిస్తే ఏడ్చినా. ఆ చక్రం మీదేనా?


కళ్యాణదుర్గం,
ఆగస్టు 11

పాప కృపాకుమారికి,

దీవెనలు. నేను అధికారిని కాదు. ఇప్పుడు పొలాలకు మందు కొట్టే మిషన్లు రిపేరు చేసుకుంటున్నాను. గుత్తికి వచ్చిన చక్రం మాదే. ఆకుపచ్చ తొట్టి తొమ్మిదో నంబరు. నిన్ను అరిచింది తిప్పమ్మే. చెప్తే, ‘నిలబడింటుంది, అందుకే అరిచింటా’ అంటోంది.

నువ్వు అంత చిన్నప్పుడే పైనుంచి కోట చూసినావు. నేను చూడలేదు. నేను పైకి ఎక్కింది చక్రం ఆగినప్పుడే, గ్రీజు పూయడానికే. అప్పుడు చూపంతా బోల్టు మీద ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు లివరు నా చేతిలో, టిక్కెట్లు ఆమె చేతిలో. ఓనరు కొండప్ప లివరును ఇంకొకరి చేతికి ఇయ్యనిచ్చేవాడు కాదు. ఇద్దరం ఒక తొట్టిలో కూర్చున్న రోజు లేదు. దిగినోళ్ళందరినీ ‘ఏం కనపడిందప్పా?’ అని అడిగేవాణ్ణి. ‘మా మిద్దె కనపడింది’ అనేవాళ్ళు. ‘గాలిమరలు కనపడినాయి’ అనేవాళ్ళు. ఒక ఏడాది ఒకాయన ‘ఆ పక్క వాన పడతాంది’ అని చెప్పి దిగీదిగంగానే సైకిలెక్కి పోయినాడు. వాన మావైపు రాలేదు. నాకు ఆ వానను ఒకసారి చూడాలనిపించింది.

మూడేండ్ల కిందట కొండప్ప చక్రాన్ని విప్పి పాత ఇనుముకు వేసినాడు. ఇప్పుడు కూడా జాతరలో ఆ చోటికి పోతే నా మెడ దానంతటదే పైకి లేస్తుంది. ఆడ ఆకాశం తప్ప ఏమీ ఉండదు.

‘తిప్పా, బెంగళూరు దగ్గర పెద్ద చక్రం ఉండాదంట, ఇద్దరం పోదామా?’ అని అడిగితే, ‘నువ్వు చెయ్యి పెట్టి చూడని చక్రం నేనెక్కను’ అంది. పెండ్లయిన ఏడాది నుంచి ఆమెది ఇదే మాట. అందుకే స్పానరు సంగతి రాసినాను. నాకు వేరే ఏమీ వద్దు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క చుట్టు తిరగాలి.

మీ ఊరి పక్కవాడు
నరసింహప్ప

తా.క.: తిప్పమ్మ హోదా అడిగినారు. ఈ ఇంట్లో ఆమే పెద్ద ఆఫీసరు. కుర్చీ వేయండి.


ఆకాశవనం పార్కు,
ఆగస్టు 20

నరసింహప్ప చిన్నాయనకు,

కృపాకుమారి నమస్కారాలు. మీ ఉత్తరం మా ఇంజనీరు విష్ణువర్ధన్ సార్‌కు చదివి వినిపించినా. ముందు నవ్వినాడు. ‘చుట్టుకు ఒక టక్’ అని చదవంగానే నవ్వు ఆపి బయటికి పోయినాడు. గంట తర్వాత చేతులంతా గ్రీజుతో వచ్చి, ‘ఇరవై ఆరో తొట్టి కింద లైటు రేకు వదులైంది. పెద్ద ప్రమాదం కాదు. కానీ, కళ్యాణదుర్గంలో కూర్చుని ఎట్ల కనిపెట్టినాడమ్మా ఈయన?’ అన్నాడు.

వచ్చే మంగళవారం పొద్దున ఏడు గంటలకు రండి. గేటు తెరిచేది పదింటికి. సార్ పక్కనే ఉంటాడు, స్పానరు మేమే ఇస్తాం. మూటల బదులు ఇసుక సంచులు పెట్టి తిప్పుతాం. లివరు సార్ పట్టుకుంటాడు. మీరిద్దరూ ఎక్కండి.

మా నాయన పోయి నాలుగేండ్లు. నేను రోజూ ఈ చక్రం కింద నడుస్తా గానీ ఎప్పుడూ ఎక్కలేదు. ఆ గుత్తి తొట్టి తర్వాత ఎక్కబుద్ధి కాలేదు.

మీ రాక కోసం
కృప

తా.క.: మేనేజరు మిమ్మల్ని ఇంకా అధికారే అనుకుంటాండాడు. నేను చెప్పినా నమ్మలేదు, ‘అట్లనే దాచిపెట్టి వస్తారమ్మా’ అంటాడు. పూలగుచ్ఛం ఇస్తే తీసుకోండి చిన్నాయనా, కాదంటే ఇంకా పెద్దది తెప్పిస్తాడు.


కళ్యాణదుర్గం,
ఆగస్టు 29

పాప కృపకు,

క్షేమంగా చేరినాం. ఇసుక సంచులు తిరిగి దిగేవరకు నువ్వున్నావు, తర్వాత మేనేజరు పిలిస్తే పోయినావు. ఆ తర్వాత ఏం జరిగిందో విష్ణువర్ధన్ సార్ నీకు చెప్పి ఉండడు. చెప్పొద్దని తిప్పమ్మ ఆయన దగ్గర మాట తీసుకుంది. నా దగ్గర తీసుకోలేదు.

నేను చేతులు కడుక్కుని తిప్పమ్మ కూర్చున్న బెంచీ దగ్గరికి పోయి, ‘రా, ఎక్కుదాం’ అన్నాను.

‘బోల్టులన్నీ చూసినావా?’

‘చూసినా.’

‘అన్నీ?’

‘నూట అరవై ఎనిమిది.’

‘ఇంగోసారి చూసి రాపో.’

పోయినాను. విష్ణువర్ధన్ సార్ కూడా మళ్ళీ నా వెంట తిరిగినాడు. పాపం, మంచాయన. తిరిగి వచ్చేసరికి, ‘గాలి ఎక్కువుండాది’ అంది. ఆకు కూడా కదలడం లేదు. ‘రంగు ఇంకా ఆరలేదు, చీరకు అంటుకుంటుంది’ అంది. వేలు పెట్టి రాసి చూపించినాను. అప్పుడు రెండు చేతులతో బెంచీ పట్టుకుని తల వంచుకుంది.

‘నాకు భయమప్పా.’

‘నేను చూసినా కదా తిప్పా.’

‘నువ్వు చూస్తే మటుకు? మొదటినుంచీ భయమే. మిద్దె నిచ్చెన కూడా నేనెక్కను. చక్రమోని పెండ్లామే చక్రానికి భయపడుతుందంటే జాతరలో ఎవురెక్కుతారు? అందుకే నువ్వు చెయ్యి పెట్టి చూస్తే ఎక్కుతా అని చెప్తా వచ్చినా. లివరు వదిలేది లేదు, మనకు ఎక్కేది లేదు అనుకున్నా. ఆ చక్రం పోయినాక, వేరేవాళ్ళ చక్రానికి నిన్నెవరు చెయ్యి పెట్టనిస్తారు అనుకున్నా. ఇంత పెద్ద పార్కోళ్ళు నీ చేతికి స్పానరిస్తారని నేను కలగన్నానా?’

ముప్పై ఒక్క ఏండ్లు టిక్కెట్లిచ్చిన మనిషి, పాపా. ఊళ్ళకు ఊళ్ళను పైకి ఎక్కించింది. నేను నట్ల మూలుగు వినగలిగినాను గానీ ఇది వినలేకపోయినాను.

‘సరే, ఇంటికి పోదాం పద’ అన్నాను. ఆమె లేవలేదు. ‘నువ్వు పోయి రా. ఏమేం కనపడతాదో చూసొచ్చి చెప్పు. ఊరికే బాగుంది అంటే ఊరుకోను.’

ఒక్కణ్ణే ఎక్కినాను. సార్ లివరు మెల్లగా వదిలినాడు. మంచి చెయ్యి. పైకి పోయేకొద్దీ చెట్లు, రోడ్లు, మేడలు, దూరంగా ఒక చెరువు. మనవైపు చూసినాను. మబ్బు లేదు, వాన లేదు, ఎర్రగా దుమ్ము అంతే. అన్నేండ్లు చూడాలనుకున్న చూపు అది. ఆడ ఎక్కువసేపు నిలవలేదు. కిందికి పోయింది.

తిప్పమ్మ బెంచీ మీంచి లేచి చక్రం దగ్గరికి వచ్చేసింది. ఒక చెయ్యి నెత్తి మీద, ఒక చెయ్యి రైలింగు మీద. నలభై రెండు తొట్లలో నా తొట్టిని ఒక్కదాన్నే చూస్తాంది. పైనుంచి వేరుశనగ గింజంత ఉంది. నా పక్క జాగా ఖాళీగా పెట్టుకుని నేను పైన కూర్చున్నాను. ఇంకో చుట్టు తిప్పమంటావా అని సార్ అడిగితే వద్దని చెయ్యి ఊపినాను. ఆయన ఇంకోటి కావాలనుకుని తిప్పినాడు. రెండో చుట్టులో ఆమె సార్‌ను అరవడం పైదాకా వినబడింది.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదని అందరికీ తెలుసు. తిరుగు బస్సులో పావగడ దాటేదాకా నేనే మాట్లాడినాను. ఏ చెట్టు పక్కన ఏ మేడ, చెరువు ఏ రంగు, పైన గాలి చెవిలో ఎట్లుంటుంది, అన్నీ చెప్పినాను. వెనక సీటాయన ‘పెద్దాయనా, కాస్త ఊపిరి తీసుకో’ అన్నాడు. ఆమె కండ్లు మూసుకుని వింటాంది. నిద్రపోయిందేమో అని ఆపితే, ‘ఆ చెరువు పక్కన?’ అంటుంది. మళ్ళీ మొదలుపెడతాను.

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తిరగాలన్న నా కోరిక అట్లే ఉండిపోయింది. ఉండనీ.

నువ్వు మాత్రం ఒకసారి ఎక్కు పాపా. మంగళవారం బోల్టులన్నీ రెండుసార్లు చూసినాను.

నీ చిన్నాయన
నరసింహప్ప

తా.క.: ఈ ముక్క నీకొక్కదానికే. మీ చక్రం అవతల పట్టాల మీద తలకిందులుగా పోయే బండి ఒకటి ఉండాదే, తిప్పమ్మ దాన్ని చూసిపెట్టుకుంది. ‘దాంట్లో ఎట్లుంటుందో కూడా ఎక్కి వచ్చి చెప్పాల’ అని రోజూ పొద్దున కాఫీతోపాటు అడుగుతాంది. నాకు దాన్ని చూస్తేనే భయం. ఆ మాట ఆమెతో ఎట్ల చెప్పేది? అరవై దాటినోళ్ళను ఆ బండి ఎక్కించకూడదని రూలున్నట్టు ఆఫీసు కాగితం మీద ఒక ఉత్తరం పంపించు తల్లీ. ముద్ర పెద్దగా వేయించు. తెలుగులోనే రాయి, ఆమె చదువుతుంది.