బక్కదాని మెడ కొలత

అన్నకు, వదినకు శేఖర్, సుజాత నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ మీరూ అలాగే ఉన్నారనుకుంటున్నా. చెవి మిషన్ పెట్టుకుంటున్నావో, మళ్లీ డబ్బాలో దాచేశావో వదిన చెప్పలేదు. ఫోన్‌లో నేనొకటి చెప్తే నువ్వు ఇంకొకటి వింటున్నావు. పోయినసారి కుక్క పరుగు అంటే, కుక్కర్ పగిలిందా అన్నావు. అందుకే ఈసారి రాస్తున్నా. ఉత్తరంలో పెట్టి పంపాల్సింది కూడా ఒకటి ఉంది, అది చివర్లో చెప్తా.

రెండు రోజులుగా పొద్దున్నే గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. తొమ్మిదింటికల్లా కరిగిపోతుంది. ఈరోజు ఆదివారమైనా నాలుగున్నరకే లేచి పాలు పితికాం. అరవై ఆవులు, అంతా మిషన్లతోనే. తర్వాత మొక్కజొన్న చొప్ప ముక్కలు కొట్టి నింపిన గుంత మీద ప్లాస్టిక్ పట్ట కప్పి, గాలికి లేవకుండా పాత టైర్లు పేర్చాం. చలికాలం పశువులకు అదే మేత. మనం గడ్డివామి వేసుకున్నట్టే, కాకపోతే ఇది లోపల పులియాలి. చేతులు కొంచెం పగిలాయి. అంతకు మించి ఇబ్బంది లేదు.

బ్రాంప్టన్‌లో గోడౌన్ పని చేసిన మూడేళ్లూ బేస్‌మెంట్‌లో ఉన్నాం. వాన పడుతోందో లేదో తెలియాలంటే మెట్లెక్కి రావాల్సి వచ్చేది. కిచెనర్‌కు అరగంట దూరంలో ఉన్న ఈ పాడి ఫారంలో మాకు పాత ఇంటి మేడ ఇచ్చారు. కిటికీలోంచి ఆకాశం, ఆవులు, రోడ్డు అన్నీ కనబడతాయి. సుజాత వారానికి నాలుగు రోజులు కిచెనర్‌లో బేకరీ పనికి పోతోంది. రాగిపిండి మాత్రం నెలకోసారి బ్రాంప్టన్ పోయి తెచ్చుకుంటాం. తిండికి లోటు లేదని వదినతో చెప్పు.

ఫోన్‌లో చెప్పబోయింది కుక్కల సంగతి. మా యజమాని తల్లి మార్గరెట్ గారు. ఎనభై దాటాయి, ఫారంలోనే విడిగా ఉంటారు. యాభై ఏళ్ల కింద ఇంగ్లండ్ నుంచి వచ్చారు. ఇక్కడి చలి తనకింకా అలవాటు కాలేదని, నాకూ కాదని ధైర్యం చెప్తుంటారు. ఆమె దగ్గర రెండు లర్చర్లు ఉన్నాయి. గ్రేహౌండ్‌కు ఇంకో రకం కుక్కను కలిపితే పుట్టేది లర్చర్. చూడ్డానికి మన ముధోళ్ వేటకుక్క లెక్కనే ఉంటుంది. పొడుగు మూతి, వీపుకు అంటుకున్న కడుపు. ఒంటి మీద మాత్రం గరుకు వెంట్రుకలు, మూతికి గడ్డం. పెద్దదాని పేరు టెస్, దానికి పదకొండేళ్లు. చిన్నదానికి రెండున్నర. దానికి ఇంగ్లీషులో ఏదో చెట్టు పేరు పెట్టారు గానీ, సుజాత చూసిన మొదటి రోజే "అయ్యో, ఇంత బక్కగుందే, దీనికి కూడు పెడ్తాండారా లేదా?" అంది. అప్పటి నుంచి అది బక్కది. మార్గరెట్ గారు కూడా బక్కీ అంటారు.

పోయిన చలికాలం మార్గరెట్ గారు ఐసు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. కుక్కల్ని తిప్పే పని నాకు వచ్చింది. ఇంగ్లీషులో కుక్కను పిలవడానికి నాకు నోరు తిరగలేదు. నోటికి వచ్చింది నీ మాటే. నువ్వు గట్టు మీద నిలబడి మన వేటకుక్క నల్లదాన్ని "దా, దా" అని పిలిచేవాడివి కదా, రెండో 'దా' కొంచెం సాగదీసి. అలాగే పిలిచా. బక్కది నాలుగు రోజుల్లో నేర్చుకుంది. 'ఆగు' అంటే ఆగుతుంది. 'పో' అంటే పోతుంది. మార్గరెట్ గారు 'కమ్' అంటే మాత్రం ఒకసారి తల తిప్పి చూసి మళ్లీ దాని పని అది చూసుకుంటుంది. "నా కుక్కకు నా భాష రాకుండా చేశావు కదయ్యా" అని ఆమె నన్ను దెప్పుతారు.

ఎండలు వచ్చాక, సెలవు దొరికిన ఆదివారాలు రెంటినీ పికప్ వెనక ఎక్కించి, మార్గరెట్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ల పోటీలకు పోయేవాళ్లం. పెద్దవేం కావు. మైదానంలో గుండ్రంగా తాడు కడతారు, ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుంటారు. మొదటిసారి ఒకాయన ఇదేం కుక్క అని అడిగితే జాతికుక్క అని గొప్పగా చెప్పా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "జాతి లేకపోవడమే దీని గొప్ప" అన్నారు మార్గరెట్ గారు. "జాతి చూసుకునేవాళ్ల పోటీలు వేరే ఉన్నాయి. అక్కడ నవ్వు కూడా ఉండదు."

పరుగు పందెంలో కుందేలు లేదు. తెల్ల ప్లాస్టిక్ సంచిని తాడుకు కట్టి మోటారుతో లాగుతారు. అది మలుపులు తిరుగుతూ పోతుంటే కుక్కలు వెంటపడతాయి. నువ్వు నవ్వుతావని తెలుసు. నేనూ నవ్వా. బక్కది ఆ సంచి వెంట పడేదాకా నవ్వా. ఉలవ చేలో నల్లది పోయినట్టే పోయింది. నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయి. ఫారెస్టువాళ్లు కేసు పెడతామన్నాక నువ్వు వేట మానేశావు. ఇలాంటిదైతే కేసు లేదు, కుందేలుకూ బాధ లేదు.

జూలైలో ఒంటి తీరు చూసే పోటీ జరిగింది. జడ్జీ బక్కదాని పక్కలు చేత్తో తడిమి, "వెనక మూడు పక్కటెముకలు కనబడాలి. దీనికి ఏం పెడుతున్నారు?" అని అడిగింది. మార్గరెట్ గారు నా మొహం చూశారు. నాకేం తెలుసు? ఇంటికొచ్చి సుజాతను అడిగా. ఆమెకు కుక్కలు పడవని నీకు తెలిసిందే. పెళ్లయిన కొత్తలో నల్లది వంటింట్లో దూరి పాలగిన్నె బోర్లించినప్పుడు ఎంత గొడవ చేసింది! ఇక్కడ చేరిన రోజే, కుక్క మా గడప దాటకూడదని నాతో చెప్పింది. అలాంటిది ఇప్పుడు, "మిగిలిన సంగటి. రోంత మజ్జిగ. అదీ మెట్ల కాడనే" అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మంచు పడేటప్పటి నుంచి."

"దానివల్లే బహుమతి పోయింది."

"పస్తు పెడితే ఇచ్చే బహుమతి మనకెందుకయ్యా?"

ఆగస్టులో, తోక బాగా ఊపే కుక్కల పోటీలో బక్కదానికి మొదటి బహుమతి వచ్చింది. ఎర్ర రిబ్బను పువ్వు. దాన్ని కొట్టంలో మేకుకు తగిలించా. మర్నాటికి అక్కడ లేదు. ఇంట్లో దేవుని పటాల పక్కన ఉంది.

సెప్టెంబరులో మార్గరెట్ గారు ఇక ఒంటరిగా ఉండలేనని, ఎటోబికో పట్నంలో కూతురి దగ్గరికి పోతున్నానని చెప్పారు. కూతురిది అపార్ట్‌మెంట్. ఒక కుక్కనే రానిస్తారు. ముసలిదాన్ని వదిలి ఉండలేరు కాబట్టి టెస్‌ను తీసుకుపోతారు. కొట్టంలో నా పక్కన నిలబడి అడిగారు, "బక్కీని నువ్వు ఉంచుకుంటావా?" అని.

మా ఇంట్లో కుక్కలు పడవండీ అన్నా. సుజాతను అడగలేదు. అడిగినా ఏమంటుందో నాకు తెలుసనుకున్నా. మార్గరెట్ గారు తలాడించి, గ్లెన్ అనే ఆయనకు ఫోన్ చేశారు. ఆయన ఆరు లర్చర్లను పెంచి పరుగులకు తిప్పుతాడు. మంచివాడే. కుక్కల్ని శుభ్రంగా ఉంచుతాడు, కానీ షెడ్డులో, గొలుసులకు. ఇక్కడికి నాలుగు గంటల దూరం. అక్టోబరు పరుగులో చూస్తానని, నచ్చితే అక్కడి నుంచే తీసుకుపోతానని అన్నాడు.

ఇంట్లో చెప్పా. సుజాత గిన్నెలు తోముతోంది, వెనక్కి తిరగలేదు.

"నన్నడిగినావా?"

"నువ్వు వద్దంటావు కదా."

"అంటానో అననో అది వేరే మాట. నన్నడిగినావా, అది చెప్పు."

రెండు రోజులు అవసరమైనంత వరకే మాట్లాడింది. నేను మళ్లీ మార్గరెట్ గారి దగ్గరికి పోయి చెప్పి ఉండాల్సింది. ఒక మాట అన్నాక ఇంకో మాట అనడం నాకు చేతకాదు, నీకు తెలుసు. అప్పటికే గ్లెన్‌ను రమ్మని కూడా చెప్పేశారు.

నిన్న శనివారం ఆ పరుగు. సుజాత మొదటిసారి మాతో వచ్చింది. చిత్రాన్నం కలిపి డబ్బాలో పెట్టుకుంది. మైదానం అవతలి అంచున, తాడు పక్కనే దుప్పటి పరుచుకుని కూర్చుంది. మొదటి రెండు పరుగుల్లోనూ బక్కదే ముందు. గ్లెన్ వచ్చి దాని వీపు నిమిరాడు, పళ్లు చూశాడు, పాదాలు ఎత్తి చూశాడు. "ఆఖరిది కూడా ఇలాగే పరిగెత్తితే నాతో తీసుకుపోతా" అన్నాడు. ఆయన ట్రక్కులో ఒక గూడు ఖాళీగా, తలుపు తెరిచి ఉంది. ఆ మాట సుజాతకు నేనే పోయి చెప్పా. ఊఁ అంది. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

ఆఖరి పరుగుకు మూడు కుక్కలు. నేను బక్కదాన్ని రెండు చేతులతో పట్టుకుని గీత దగ్గర కూర్చున్నా. గుండె కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది, దానిదే. సంచి కదిలింది. వదిలా. మొదటి మలుపు దగ్గర మిగతా రెంటికంటే రెండు బారలు ముందుంది. రెండో మలుపు సుజాత కూర్చున్న అంచునే. సరిగ్గా అప్పుడు ఆమె లేచి నిలబడి, నా వైపు చెయ్యి ఊపి అరిచింది.

"దా! దాఆ! చిత్రాన్నం తిందువు, దా!"

నేను మైదానానికి ఈ చివర ఉన్నా. బక్కది సంచిని వదిలేసింది. అడ్డంగా తిరిగి, తాడు కింద దూరి, పోయి సుజాత ముందు నిలబడింది. మిగతా రెండూ సంచి వెంట పోయాయి. జనం ఘొల్లుమన్నారు. ఎవరో ఈల కూడా వేశారు.

గ్లెన్‌కు కోపం రాలేదు. "కాళ్లు బాగున్నాయి" అన్నాడు మార్గరెట్ గారితో. "కానీ మాట వింటుంది. పరుగులో ఉన్న కుక్క ఎవరి మాటా వినకూడదు. నాకు పనికిరాదు." తన కుక్కల్ని ఎక్కించుకుని, ఖాళీ గూటి తలుపు మూసుకుని వెళ్లిపోయాడు.

నేను చేరేసరికి మార్గరెట్ గారు కర్ర ఊతంగా సుజాత ముందు నిలబడి ఉన్నారు. "దాన్ని ఏమని పిలిచావు?" అని అడిగారు.

"నో డాగ్. హస్బెండ్. లంచ్" అని సుజాత నన్ను చూపించింది.

మార్గరెట్ గారు చేత్తో బక్కదాన్ని చూపించారు. "మరి హస్బెండ్ రాలేదు, ఇది వచ్చింది" అన్నారు. నేను తెలుగులో చెప్పా. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బక్కది అప్పటికే చిత్రాన్నంలో శనగ్గింజలు ఏరుకుని తింటోంది. మార్గరెట్ గారు మెడతాడు తీసి నాకివ్వలేదు. సుజాత చేతికిచ్చారు.

నన్నే పిలిచిందో, దాన్నే పిలిచిందో నేను అడగలేదు. పికప్‌లో వస్తుంటే, "నేను పిలిచింది నిన్నే" అని తనే రెండుసార్లు చెప్పింది. బక్కదాన్ని గడప అవతల పడుకోబెట్టాం. ఈరోజు నాలుగున్నరకు లేచి చూస్తే గడప ఇవతల ఉంది. తలుపు నేను తీయలేదు.

ఇప్పుడు నీకు చెప్పే పని. ఇక్కడ దొరికే మెడపట్టీలు సన్నవి, నైలాన్‌వి. ఇలాంటి పొడుగు మెడకు అవి కోసుకుంటాయి. నల్లదానికి నువ్వు నాలుగు వేళ్ల వెడల్పు తోలుపట్టీ చేయించావు కదా, లోపల మెత్తటి తోలు వేసి. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఇంకా ఉంటే అలాంటిదే ఒకటి చేయించు. కొలతకు దారం ఈ ఉత్తరంలో పెట్టాం. రెండు ముళ్ల మధ్య ఎంతుందో అంతే మెడ. సుజాత కొలిచింది. రెండు వేళ్లు వదులు కలిపే కొలిచిందంట, నువ్వు మళ్లీ కలపొద్దు. నల్లదాని పక్కన నువ్వు నిలబడిన ఫోటో ఒకటి బీరువాలో ఉండాలి. 'దా' అనే మాట ఎవరిదో ఆ మనిషిని చూడాలని మార్గరెట్ గారు అడిగారు. దొరికితే పట్టీతో పాటు పంపు.

శనక్కాయ పీకడం అయిందా? బోరులో నీళ్లు ఎట్లున్నాయి? మిషన్ చెవిలో పెట్టుకో, డబ్బాలో ఉంటే అది దేనికీ పనికిరాదు. మా గురించి దిగులు వద్దు, బాగానే ఉన్నాం. పెద్దమ్మకు మా ఇద్దరి దండాలు చెప్పి, మా తరఫున ఆమె కాళ్లకు మొక్కు. నీ దీవెన, వదిన దీవెన మాకు ఎప్పుడూ కావాలి.

నీ తమ్ముడు
శేఖర్

ఉత్తరం అంటించే ముందు ఇది రాస్తున్నా. మార్గరెట్ గారు మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు కూతురి కారులో ఎటోబికో వెళ్లారు. టెస్ వెనక సీట్లో వెళ్లింది.